ఆల్చిప్పకూ ఒక చరిత్ర ఉంది

మా పదో తరగతి చరిత్ర పుస్తకంలో మొదటి పాఠమే చరిత్ర ఎలా రాస్తారన్నదాని గురించి. ఆధారం లేకుండా ఏదీ రాయొద్దు, ఆధారాన్ని ప్రశ్నించకుండా నమ్మొద్దు అని ఆ పాఠం సారాంశం. అది అయిపోయాక మా సార్ అందరికీ పని ఇచ్చారు. ‘‘మీ ఊరికి సంబంధించిన ఒక విషయం తీసుకుని దాని చరిత్ర రాయండి’’ అన్నారు. ఒకరు బల్లార్షా కోట తీసుకున్నారు. ఒకరు మాణిక్‌గఢ్ కోట తీసుకున్నారు. మా ఊరికి స్టేషన్ ఉంది కాబట్టి రైలు అని ఇద్దరు ముగ్గురు రాసుకున్నారు. నేను ఆల్చిప్ప అన్నాను. క్లాసులో నవ్వు. ఆల్చిప్పకు రాజులెవరు, యుద్ధాలెక్కడ అని నా పక్కన కూర్చునే అమ్మాయి అడిగింది. రాజులు లేరు కానీ, వెతికినకొద్దీ ఆధారాలు మాత్రం కోటలకంటే ఎక్కువే దొరికినయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

ఆల్చిప్ప అంటే ఏమిటో మన చిన్న తరగతుల పిల్లలకు చాలామందికి తెలియదు. నత్త వేరు, ఆల్చిప్ప వేరు. నత్తకు ఒకటే గుల్ల, మెలికలు తిరిగి ఉంటుంది. ఆల్చిప్పకు రెండు చిప్పలు, పుస్తకం అట్టల లెక్క ఒక పక్కన అతుక్కుని ఉంటాయి. లోపల మెత్తటి జీవి. పైన గోధుమరంగు, నలుపు కలిసిన రంగు. లోపల మాత్రం వెండి లెక్క మెరుస్తుంది. మరాఠీలో దీన్ని షింపలా అంటారు. సంస్కృతంలో శుక్తి. దూరం నుంచి శుక్తిని చూసి వెండి అనుకోవడం అనే ఉదాహరణను శంకరాచార్యులు భ్రమ అంటే ఏమిటో చెప్పడానికి వాడారని మా తెలుగు టీచర్ చెప్పారు. అంటే ఆ కాలానికే ఈ మెరుపు అందరికీ తెలిసినదన్నమాట. తెలియని వస్తువును ఎవరూ ఉదాహరణగా చెప్పరు కదా.

మన దేశంలో వాగుల్లో, చెరువుల్లో, నదుల్లో ఎక్కువగా కనిపించే ఆల్చిప్ప పేరు శాస్త్రంలో లామెల్లిడెన్స్ మార్జినాలిస్. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దీన్ని మొదట శాస్త్రీయంగా వర్ణించి పేరు పెట్టింది ఫ్రాన్స్ దేశపు లామార్క్, 1819లో. జిరాఫీ మెడ పాఠంలో వచ్చే లామార్క్ ఆయనే. వెన్నెముక లేని జంతువుల మీద పెద్ద పుస్తకం ఆయన 1815 నుంచి 1822 దాకా భాగాలు భాగాలుగా తెచ్చాడు. ఆ పని పూర్తికాకముందే కళ్ళు పోయాయి. చివరి భాగాలకు కూతురు చెప్పింది రాసుకుంటూ సాయం చేసింది. ఎక్కడో ప్యారిస్‌లో చూపు పోతున్న ముసలాయన మన దేశపు చిప్పను చేతిలోకి తీసుకున్నాడంటే నాకు చాలా ఆశ్చర్యమనిపించింది. మార్జినాలిస్ అంటే అంచుది అని అర్థం. నిజమే, లేత చిప్ప అంచు చూస్తే పసుపురంగు పట్టీ కనిపిస్తుంది. ఆయన పెట్టిన పేరు మొదట వేరుగా ఉండేది. లామెల్లిడెన్స్ అనే ఇంటిపేరును 1900లో అమెరికాకు చెందిన సింప్సన్ అనే శాస్త్రవేత్త చేర్చాడు.

దీని బతుకు విచిత్రంగా ఉంటుంది. ఇసుకలోనో బురదలోనో సగం దిగబడి ఉంటుంది. కదలాలంటే నాలుక లాంటి ఒక పాదం బయటికి చాపి మెల్లగా జరుగుతుంది, అంతే. ఒక రంధ్రంతో నీళ్ళు లోపలికి పీల్చి, అందులోని నాచు తునకలు, సన్నటి మురికి పట్టుకుని తిని, ఇంకో రంధ్రంతో నీళ్ళు బయటికి వదులుతుంది. దినమంతా ఇదే పని. అందుకే ఇది ఉన్న నీళ్ళు తేటగా ఉంటాయి.

కదలలేనిది కొత్త చోటికి ఎట్లా పోతుంది? వాగు పైకి ఎట్లా ఎక్కుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు 170 ఏళ్ళు పట్టింది. 1690ల్లో హాలెండ్‌కు చెందిన లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో తల్లి ఆల్చిప్ప లోపల సన్నటి పిల్లలు తిరుగుతుండగా చూశాడు. 1797లో రాత్కే అనే ఆయన అవి పిల్లలు కావు, ఆల్చిప్పను పట్టిన పరాన్నజీవులు అని వాదించి వాటికి గ్లోకీడియం అని పేరు పెట్టాడు. 1832లో కారుస్ అనే జర్మన్ శాస్త్రవేత్త కాదు కాదు, పిల్లలే అని చూపించాడు. 1866లో లైడిగ్ అవి చేపల మీద అతుక్కుని ఉండటం గమనించాడు. అప్పటికి కథ పూర్తయింది. తల్లి వదిలిన పిల్లలు చేప మొప్పలకో రెక్కలకో కరుచుకుంటాయి. కొన్ని రోజులో కొన్ని వారాలో ఆ చేప మీదనే పెరిగి, తర్వాత రాలి ఇసుకలో పడతాయి. చేప ఎక్కడికి పోతే అక్కడికి ఆల్చిప్ప. అంటే చేపలు లేని వాగులో ఆల్చిప్ప వంశం నిలవదు. రాత్కే పెట్టిన తప్పు పేరే ఇప్పటికీ ఆ పిల్లలకు నిలిచిపోయింది. చరిత్రలో గెలిచినవాళ్ళ పేర్లే నిలుస్తాయని అంటారు కానీ, ఇక్కడ ఓడినవాడి పేరే నిలిచింది.

ఇప్పుడు మా ఇంటి ఆధారానికి వస్తాను. మా నాయనమ్మ దగ్గర ఒక చిప్ప ఉంది. పాలగిన్నె అడుగున మాడు పట్టుకుంటే దాంతోనే గీకుతుంది. స్టీలు పీచు ఉన్నా సరే, అదే. అంచు అరిగి అరిగి ఒక వైపు వంపు తిరిగింది. దీన్ని ఎప్పుడు తెచ్చావు అని అడిగితే, ‘‘మీ బాపు పాలు తాగే పిల్లగాడప్పుడు’’ అంది. నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

‘‘అప్పుడు గిన్ని చెంచాలెక్కడియి బిడ్డా? చిన్న పోరగాండ్లకు ఉగ్గు పోయాలంటే చిప్పతోనే పోస్తుంటిమి. నున్నగ ఉంటది, నోరు గీసుకపోదు. మామిడికాయల దినాలొస్తే ఇంకో చిప్పకు బండ మీద రాకి బొక్క పెడుతుంటిమి. ఆ బొక్క అంచుతోని కాయ చెక్కు తీస్తే ఎంత సన్నగ వస్తదో నీకేం ఎరుక.’’

నేను చేసి చూశాను. చిప్ప ఉబ్బుగా ఉన్న వైపు గరుకు బండ మీద రుద్దితే పది నిమిషాల్లో రంధ్రం పడుతుంది. దాని అంచు బ్లేడు అంత పదును. మన ఇళ్ళలో వాడే పీలర్‌కు ఇది తాతమ్మ అన్నమాట. ఇట్లాంటి చిప్ప పీలర్లు బెంగాల్ వైపు కూడా వాడేవాళ్ళు. వాళ్ళను చూసి మనం నేర్చుకున్నామా, మనల్ని చూసి వాళ్ళా అంటే, ఎవరూ ఎవరినీ చూడలేదనే నా అభిప్రాయం. మామిడికాయ, ఆల్చిప్ప, బండ మూడూ ఉన్న ఏ ఊళ్ళోనైనా ఎవరికో ఒకరికి ఆ ఆలోచన వచ్చి ఉంటుంది. ఆ ఎవరో ఒకరు ఆడమనిషే అయి ఉంటుందని కూడా నా నమ్మకం. ఆమె పేరు ఏ శాసనంలో ఉండదు.

ఇంకో వాడకం సున్నం. చిప్పలు, గుల్లలు కాల్చి చేసిన సున్నాన్ని గుల్ల సున్నం అంటారు. చిప్ప అంతా కాల్షియం కార్బొనేట్. బట్టీలో బాగా కాలిస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే బుసబుస పొంగి తెల్లటి సున్నం అవుతుంది. గోడలకు, తమలపాకుకు ఇదే. ఇక్కడ మన తాలూకాకు సంబంధించిన ఒక తమాషా ఉంది. మన దగ్గర నేల కింద పెన్‌గంగ సున్నపురాయి పరుచుకుని ఉంది. గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అందుకే. ఆ రాయి మీదుగా పారే నీళ్ళలో కాల్షియం కలుస్తుంది. ఆ నీళ్ళలోంచే ఆల్చిప్ప తన చిప్ప కట్టుకుంటుంది. ఫ్యాక్టరీ పెద్ద మంట పెట్టి చేసే పనికి వాడే సరుకునే, ఆల్చిప్ప చల్లటి నీళ్ళలో కూర్చుని మంట లేకుండా వాడుకుంటుంది.

చిప్పలోని మెరుపు గురించి కూడా చెప్పాలి. స్వాతి కార్తెలో పడ్డ చినుకు ఆల్చిప్పలో చేరితే ముత్యం అవుతుందని మన పెద్దవాళ్ళు అంటారు. అసలు సంగతి చినుకు కాదు. లోపలికి ఏదైనా చొరబడి ఆ మెత్తటి శరీరాన్ని ఇబ్బంది పెడితే, దాని చుట్టూ ఆల్చిప్ప మెరిసే పొరలు పొరలుగా చుడుతుంది. అదే ముత్యం. సముద్రపు చిప్పలే కాదు, మన వాగు చిప్ప కూడా ఈ పని చేయగలదు. భువనేశ్వర్ దగ్గరున్న మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1987 నుంచి ఈ లామెల్లిడెన్స్ చిప్పలతోనే ముత్యాలు పండించే పద్ధతి మీద పని చేసింది. అందుకని ఎవరూ ఆశపడి వాగులోని చిప్పలు పగలగొట్టొద్దు. ఊరికే దొరికే వాటిలో ముత్యం ఉండటం చాలా అరుదు. చిప్ప పగిలితే జీవి చచ్చిపోతుంది.

ఇక అసలు పాత కాలానికి పోదాం. ఎంత పాత అంటే మనుషులే లేని కాలం. ఇది కథ కాదు, మనకు పక్కనే ఉన్న ఆదిలాబాద్ జిల్లాలో దొరికిన ఆధారం. మాల్కంసన్ అని మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన ఒక డాక్టరు ఉండేవాడు. ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే దారి నిర్మల్ దాటాక కొండలెక్కేది. ఇంగ్లీషువాళ్ళు వాటిని సిచెల్ కొండలు అని రాసేవాళ్ళు. ఆ కొండల్లో నల్లరాయి పొరల మధ్య ఆయనకు రాయిగా మారిన గుల్లలు, చిప్పలు దొరికాయి. 1840లో లండన్ భూగర్భ శాస్త్ర సంఘం ఆయన వ్యాసం అచ్చువేసింది. వాటికి పేర్లు పెట్టింది సోవర్బీ. అందులో ఒక ఆల్చిప్ప పేరు యూనియో దక్కనెన్సిస్. అంటే దక్కను ఆల్చిప్ప.

ఇది ఎందుకు పెద్ద విషయమంటే, ఆ చిప్పలు మంచినీళ్ళవి. సముద్రానివి కావు. నల్లరాయి అంటే చల్లారిన లావా. అంటే లావా ఒకసారి పారి, ఆగి, దాని మీద చెరువులు ఏర్పడి, వాటిలో ఆల్చిప్పలు, నత్తలు బతికి, మళ్ళీ ఇంకో లావా వచ్చి వాటిని కప్పేసిందన్నమాట. ఒక్కసారిగా కాకుండా ఆగి ఆగి పారిందని చెప్పే సాక్షి ఈ చిప్ప. ఈ లావా కాలం ఇప్పటికి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందటిదని ఇప్పుడు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. డైనోసార్లు ఉన్న చివరి రోజులు. మన చంద్రపూర్ జిల్లాలోనే వరోరా దగ్గర పిస్‌దురాలో డైనోసార్ ఎముకలు దొరికాయి కదా, దాదాపు ఆ కాలమే. డైనోసార్లు పోయాయి. ఆల్చిప్పల చుట్టాలు మాత్రం మన వాగు దాకా వచ్చాయి.

నాగపూర్‌లో స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లండ్ మిషనరీ ఉండేవాడు. నాగపూర్ హిస్లాప్ కాలేజీ ఆయన పేరు మీదే ఉంది. 1845లో ఇక్కడికి వచ్చి, బడులు నడుపుతూ, తీరిక దొరికినప్పుడల్లా రాళ్ళు ఏరేవాడు. 1860లో అచ్చయిన వ్యాసంలో నాగపూర్ చుట్టుపక్కల దొరికిన రాతి చిప్పలకు పేర్లు పెట్టాడు. అందులో ఒక ఆల్చిప్పకు యూనియో మాల్కంసోనీ అని తనకు ముందు పనిచేసిన డాక్టరు పేరు పెట్టాడు. ఇది చదివినప్పుడు నాకు మంచిగ అనిపించింది. రాజులు తమ పేరు తామే చెక్కించుకుంటారు, ఈయన ముందువాళ్ళ పేరు పెట్టాడు. 1863 సెప్టెంబర్ 4న టాకల్‌ఘాట్ దగ్గరి పాత రాతి వలయాలు చూసి గుర్రం మీద తిరిగి వస్తూ, వరద వచ్చిన వాగులో మునిగి చనిపోయాడు. మంచినీటి చిప్పల చరిత్ర రాసినాయన వాగులోనే పోయాడు. మన వాగులు వానాకాలంలో ఎట్లుంటయో తెలిసినవాళ్ళకు ఆశ్చర్యం ఉండదు.

మనుషులు వచ్చాక ఆల్చిప్ప వంటింట్లోకి చేరింది. పుణె జిల్లాలో ఘోడ్ నది ఒడ్డున ఇనామ్‌గావ్ అనే ఊరు ఉంది. అక్కడ దక్కన్ కాలేజీ వాళ్ళు 1968 నుంచి చాలా ఏళ్ళు తవ్వకాలు జరిపారు. మూడు వేల ఏళ్ళ కిందటి రైతుల ఊరు బయటపడింది. గింజలు, ఎముకలు, కుండలతో పాటు నది ఆల్చిప్పలు కూడా దొరికాయి. నాయనమ్మ చేతిలోని చిప్పకు అంత పాత వరుస ఉంది. మహారాష్ట్ర నదుల ఒండ్రుమట్టిలో రాతి పనిముట్లతో పాటు దొరికే చిప్పలను కార్బన్ పద్ధతిలో కొలిచి, ఆ పనిముట్ల వయసు కూడా చెబుతారు. చనిపోయిన జీవిలోని కార్బన్-14 అనేది 5,730 ఏళ్ళకు సగమవుతుంది, మిగిలినదాన్ని బట్టి లెక్క. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. సున్నపురాయి మీద పారే నీళ్ళలో రాయిలోని పాత కార్బన్ కూడా కలుస్తుంది. అది తాగిన ఆల్చిప్ప తన అసలు వయసుకంటే ముసలిదిగా కనిపిస్తుంది. మన తాలూకా లాంటి చోట దొరికిన చిప్పను అట్లా కొలిస్తే ఆ సంగతి చూసుకోవాలి. ఆధారాన్ని ప్రశ్నించాలని పుస్తకంలో రాసింది దీని గురించే అనుకుంటా.

ఇప్పుడు మన సొంత చరిత్ర. మన రాజురా తాలూకా ఒకప్పుడు నైజాం రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. వర్ధా నది సరిహద్దు. ఆ ఒడ్డున బ్రిటిష్ వాళ్ళ చాందా జిల్లా, ఈ ఒడ్డున నైజాం. 1929లో కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు లైను పూర్తయింది, మన విరూర్ మీదుగానే. మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి దొరికింది. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మన దేశంలో కలిసింది. 1956లో రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీసినప్పుడు రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రంలో నాందేడ్ జిల్లాకు వెళ్ళింది. 1959లో చాందా జిల్లాకు మార్చారు. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. మా తాత అంటుండేవాడు: ‘‘నేను ఇల్లు కదల్లేదు. రాష్ట్రాలే నా ఇంటి మీదికెళ్ళి పోయినయి.’’ మన బడి తెలుగు మాధ్యమం ఎందుకయిందని బయటివాళ్ళు అడిగితే నేను ఈ మాటే చెబుతాను. మనం ఎక్కడి నుంచో వలస వచ్చినోళ్ళం కాదు. గీతలు జరిగాయి. వాటి ఈ పక్కన మనం మిగిలాం.

నదికి ఈ గీతలు తెలియవు. మన నీళ్ళు వర్ధాలో కలుస్తాయి. వర్ధా తుమ్మిడిహెట్టి దగ్గర వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. చేప ఎక్కడిదాకా ఎదురీదితే ఆల్చిప్ప పిల్ల అక్కడిదాకా వస్తుంది. అవతలి ఒడ్డున దానిని షింపలా అన్నా, ఇవతల ఆల్చిప్ప అన్నా అది ఒకే చిప్ప. నేను ఇంట్లో ఆల్చిప్ప అంటాను, బజారులో మరాఠీ స్నేహితులతో షింపలా అంటాను. మా తమ్ముడు రెండు మాటలూ అనడు. వాడు చూస్తే కదా పేరు కావాల్సింది.

అందుకే దీపావళి సెలవుల్లో మేం ముగ్గురం వాగుకు పోయినం. మా సైన్స్ టీచర్ కూడా వచ్చారు, లోతు లేని చోటనే దిగాలని షరతు. నాయనమ్మ చెప్పిన మడుగు దగ్గర రెండు గంటలు వెతికితే ఖాళీ చిప్పలు పదకొండు దొరికినయి. బతికున్నవి రెండే. నాయనమ్మ కాలంలో కాళ్ళకు గుచ్చుకునేంత ఉంటుండెనట. ఖాళీ చిప్పల్లో పెద్దదాని మీద ముదురు గీతలు లెక్కపెట్టాం, ఎనిమిది. పెరుగుదల ఆగినప్పుడు ఇట్లాంటి గీత పడుతుంది. ఒక్కో గీత ఒక్కో సంవత్సరం అని గట్టిగా చెప్పొద్దని, నీళ్ళు తగ్గినా కూడా గీత పడొచ్చని టీచర్ చెప్పారు. ఇంకో సంగతి నాకు తర్వాత ఇంట్లో తట్టింది. పదకొండూ పెద్దవే. లేత పసుపు అంచు ఉన్న చిన్న చిప్ప ఒక్కటీ లేదు. అంటే ముసలివి చచ్చిపోతున్నాయి, పిల్లలు పుట్టట్లేదా? ఒక్కరోజు వెతికి ఇంత పెద్ద మాట అనకూడదు, కానీ ఆ ప్రశ్న నన్ను వదలట్లేదు.

బతికున్న రెండిట్లో ఒకదాన్ని అక్కడే ఒడ్డున బకెట్‌లో వాగు నీళ్ళు పోసి ఉంచాం. పక్కన ఇంకో బకెట్ అవే నీళ్ళతో, ఆల్చిప్ప లేకుండా. మట్టి దానంతటదే కిందికి దిగుతుంది కాబట్టి రెండో బకెట్ లేకపోతే పోలిక ఉండదు. మధ్యాహ్నానికి రెండూ కొంచెం తేటపడ్డాయి, కానీ ఆల్చిప్ప ఉన్న బకెట్‌లో అడుగు స్పష్టంగా కనిపించింది. తర్వాత దాన్ని మళ్ళీ తీసుకున్న చోటనే, తీసుకున్న లెక్కనే ఇసుకలో పెట్టినం.

మడుగుకు పైన వాగు అడుగంతా గుంతలు. ట్రాక్టర్లతో ఇసుక తీసుకుపోయిన గుంతలు. ఆల్చిప్ప ఇల్లు ఇసుకే, అది పారిపోలేదు. ఇసుకతో పాటు అదీ ట్రాక్టర్ ఎక్కుతుంది. ఇంటికొచ్చి కోపంగా చెబితే బాపు నవ్వలేదు, తిట్టలేదు. ‘‘మన ఇల్లు దేంతోని కట్టిననుకుంటున్నవ్?’’ అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు కూడా నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇల్లు కావాలి, ఇసుక కావాలి. కానీ ఏ మడుగు తవ్వాలి, ఏది వదలాలి అని ఎవరో ఒకరు ముందు చూసి చెప్పొచ్చు కదా అనిపిస్తుంది.

వేరే దేశంలో ఇట్లాంటిది జరిగి ఉంది. అమెరికాలో మిసిసిపి నది ఒడ్డున మస్కటీన్ అనే ఊరు. 1891లో బెప్లే అనే జర్మన్ ఆయన అక్కడ ఆల్చిప్పలతో చొక్కా గుండీలు చేసే ఫ్యాక్టరీ పెట్టాడు. 1905 నాటికి ఆ ఊరు ఏడాదికి 150 కోట్ల గుండీలు చేసింది. ఎన్ని చిప్పలు పోయి ఉంటాయో ఆలోచించండి. నదిలో చిప్పలు తరిగిపోతే, ఆల్చిప్పలను పెంచడానికి ఫెయిర్‌పోర్ట్ అనే చోట ప్రభుత్వమే ఒక కేంద్రం పెట్టింది. బెప్లే చివరికి ఆ కేంద్రంలోనే పనికి చేరాడు. నదిలో దిగి పనిచేస్తుండగా చిప్ప గుచ్చుకుని, ఆ గాయం విషమించి 1912లో చనిపోయాడు. తర్వాత ప్లాస్టిక్ గుండీలు వచ్చి ఆ పరిశ్రమే పోయింది. మన దేశంలో కూడా బీహార్‌లో తూర్పు చంపారన్ జిల్లా మెహ్సీలో సిక్రహనా నది చిప్పలతో గుండీలు చేసే పని నూరేళ్ళకు పైగా ఉంది. ఎన్నో కుటుంబాలు దాని మీద బతికాయి. కాబట్టి వాడటమే తప్పు అని నేను అనను. మా నాయనమ్మ కూడా వాడింది. ఆమె ఏటా ఒకటో రెండో తెచ్చుకుంది, ఖాళీవి.

ప్రపంచంలో అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల పట్టికలో మన లామెల్లిడెన్స్ మార్జినాలిస్‌కు ప్రస్తుతం భయం లేదనే రాసి ఉంది. నిజమే, దేశమంతా చూస్తే చాలా ఉన్నాయి. కానీ దేశమంతా ఉండటం వేరు, మన మడుగులో ఉండటం వేరు. తెలుగు మాట్లాడేవాళ్ళు కోట్లమంది ఉన్నారు. అంతమాత్రాన మన క్లాసులో పిల్లలు తగ్గితే ఫరవాలేదని మనం అనుకుంటామా?

కోటకు శాసనం ఉంటుంది, రైలుకు కాగితాలు ఉంటాయి. మన వాగులో ఏ ఏడు ఎన్ని ఆల్చిప్పలు ఉండేవో రాసిన కాగితం మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. దొరికింది నాయనమ్మ మాట ఒక్కటే. అందుకే ఈ పత్రిక చదివే తల్లిదండ్రులకు, పెద్దవాళ్ళకు ఒక మనవి. మీ ఇంట్లో పాత చిప్ప ఉంటే, అది ఏ వాగుది, సుమారు ఏ సంవత్సరం తెచ్చారు, దేనికి వాడేవాళ్ళు అన్నది మీ పిల్లలతో ఒక కాగితం మీద రాయించి పంపండి. చిప్ప ఇవ్వనక్కరలేదు, చూపించి తీసుకెళ్ళినా చాలు, కొలిచి ఇచ్చేస్తాం. మేం తెచ్చిన పదకొండు చిప్పలు సైన్స్ గదిలో గాజు బీరువా రెండో అరలో ఉన్నాయి. తేదీ, చోటు రాసి, పేరు తెలుగులో, మరాఠీలో రెండింటా పెట్టాం. వచ్చే దీపావళికి అదే మడుగు దగ్గర మళ్ళీ లెక్కపెడతాం. నేను అప్పటికి బడి వదిలి వెళ్ళిపోతాను. తొమ్మిదో తరగతి వాళ్ళు ఇద్దరు పేర్లు ఇచ్చారు, ఇంకా ఇద్దరు కావాలి.